ఎనిమిదవ ఆజ్ఞ, మన చేతివేళ్ళు: తీసిన పరువు తిరిగి ఇవ్వడం ఎలా?

(తపస్కాల ధ్యాన ప్రసంగం, చివర శ్రోతల ప్రశ్నలతో)

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా,

ఈ సాయంత్రం ఒక్క ఆజ్ఞ గురించే మాట్లాడుకుందాం. "నీ పొరుగువానికి వ్యతిరేకంగా అబద్ధ సాక్ష్యం పలుకరాదు." మన కతోలిక లెక్కలో, దేవుని పది ఆజ్ఞల్లో ఇది ఎనిమిదవది. ప్రొటెస్టెంటు సంఘాల్లో చాలావాటికి తొమ్మిదవది. బయటి పుస్తకం ఏదైనా పెట్టుకుని ఆత్మశోధన చేసుకునేవాళ్ళు అంకె చూసి తికమక పడకండి.

ఫోను వచ్చినంత మాత్రాన కొత్త పాపమేమీ పుట్టలేదు. పాత పాపానికి అడ్డుగా ఉన్నవి పోయాయి, అంతే. వెనకటికి ఒకరి పరువు తీయాలంటే ఇల్లిల్లూ తిరగాలి. తిరిగేలోపు సగం కోపం చల్లారేది, విన్నవాళ్ళలో సగం మంది నమ్మేవాళ్ళు కాదు. ఇప్పుడు ఒక్క నొక్కుతో రెండొందల మందికి వెళ్ళిపోతుంది. మనస్సాక్షి మేలుకునేసరికి పని పూర్తయిపోయి ఉంటుంది. పైగా నోటితో ఏమీ అనలేదు కదా, మాట జారామన్న స్పృహ కూడా ఉండదు. పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వచ్చి "కోపపడ్డాను, ప్రార్థన మానేశాను" అని చెప్పేవాళ్ళకు, ఆ వారమంతా తాము పంపినవి గుర్తుకే రావు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇది. దొంగిలించిన డబ్బు తిరిగి ఇవ్వాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. తీసిన పరువు కూడా అలాగే తిరిగి ఇవ్వాలని పెద్దవాళ్ళకే తెలియడం లేదు. గురువు పాపవిమోచనం పలికితే పాపం పోతుంది, బాకీ మాత్రం పోదు. మన కతోలిక సంఘమైన శ్రీసభ బోధలను కూర్చిన సత్యోపదేశ గ్రంథం 2487వ పేరా ఈ సంగతి సూటిగానే చెబుతుంది: సత్యానికీ న్యాయానికీ విరుద్ధంగా చేసిన ప్రతి తప్పుకూ, దాన్ని క్షమించినా సరే, నష్టాన్ని పూడ్చే బాధ్యత ఉంటుంది, అది మనస్సాక్షిని కట్టిపడేసే బాధ్యత.

ముందు పాపాల రకాలు చూద్దాం. శ్రీసభ చట్టం 988వ నియమం ప్రకారం గంభీరమైన పాపాలన్నిటినీ రకం, సంఖ్య రెండూ చెప్పి ఒప్పుకోవాలి. రకం తెలియకపోతే ఏం చెబుతాం?

మొదటిది తొందరపాటు తీర్పు. తగిన ఆధారం లేకుండా ఎదుటివాడు తప్పు చేశాడని మనసులో ఖాయం చేసుకోవడం. బయటికి అనకపోయినా ఇది పాపమే. అనుమానం రావడం వేరు, అనుమానాన్ని నిజమని సంతకం పెట్టేయడం వేరు. రెండవది, ఎదుటివాడు నిజంగానే చేసిన, కానీ నలుగురికీ తెలియని తప్పును, తగిన కారణం లేకుండా, తెలియనివాళ్ళకు తెలియజేయడం. మూడవది అపనింద, అంటే లేనిది అంటగట్టడం. నాలుగవది కొండెములు చెప్పడం. ఇక్కడ ఉద్దేశం పరువు తీయడం కాదు, ఇద్దరి మధ్య స్నేహం చెడగొట్టడం. పదమూడో శతాబ్దపు వేదాంతి పునీత తోమస్ అక్వినాస్ దీన్ని పరువు తీయడం కంటే పెద్ద పాపంగా లెక్కవేశాడు. మనిషికి మంచిపేరు కంటే మంచి స్నేహితుడు విలువైనవాడని ఆయన వాదన.

ఈ నాలుగింటిలో జనం తేలిగ్గా తీసుకునేది రెండవదాన్నే. "నేను అబద్ధం చెప్పలేదు కదా, ఉన్నదే చెప్పాను" అంటారు. అవును, ఉన్నదే. అయినా పాపమే. తప్పు చేసినవాడికి కూడా, ఆ తప్పు బయటపడనంతకాలం, తన పేరు మీద హక్కు ఉంటుంది. శ్రీసభ చట్టం 220వ నియమం ఈ హక్కుకే రక్షణ: ఎవరి మంచిపేరుకూ అక్రమంగా భంగం కలిగించరాదు, ఎవరి ఏకాంతాన్నీ ఉల్లంఘించరాదు.

అక్వినాస్ ఇంకా లోతుకు వెళ్ళాడు. పరువు తీసే దారులు నేరుగా నాలుగు ఉన్నాయంటాడు: లేని తప్పు అంటగట్టడం, ఉన్న తప్పును పెద్దది చేయడం, దాగి ఉన్నదాన్ని బయటపెట్టడం, చేసిన మంచికి చెడు ఉద్దేశం అంటగట్టడం. ఇవి కాక చాటు దారులున్నాయి: ఎదుటివాడి మంచిని కాదనడం, తగ్గించడం, మెచ్చుకోవలసిన చోట పనిగట్టుకుని నోరు మూసుకోవడం. ఏడొందల ఏళ్ళ కిందటి ఈ జాబితాను పక్కన పెట్టుకుని ఏ గ్రూపులోని వ్యాఖ్యలైనా చదవండి, దీనికి బయట ఉండేది ఏదీ దొరకదు.

ఒక్క సందేశాన్ని తీసుకుని విడదీసి చూద్దాం. ఎవరో ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ స్క్రీన్‌షాట్ మీకు వచ్చింది. పైన రెండు వరుసలు, కింద మూడు వరుసలు కత్తిరించి ఉన్నాయి. మధ్యలో ఒకాయన అన్న కటువైన మాట ఒక్కటే మిగిలింది. దాని కింద "ఈయన అసలు రంగు ఇదీ" అని రాసి ఉంది. మీరు దాన్ని "వచ్చింది వచ్చినట్టు పంపుతున్నాను" అని ఇంకో గ్రూపుకు పంపారు. ఇందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఇద్దరి మధ్య మాటను మూడోవాడికి చేర్చడం ఒకటి. ముందూ వెనకా తీసేశారు కాబట్టి, అక్షరాలు నిజమే అయినా అర్థం అబద్ధమైంది, అది అపనింద. ఒక్క మాటను పట్టుకుని మనిషి స్వభావాన్ని తేల్చేయడం తొందరపాటు తీర్పు. కత్తిరించింది మీరు కాకపోవచ్చు. కానీ కత్తిరించి ఉన్నట్టు కంటికి కనిపిస్తూనే ఉంది, అడగకుండా పంపింది మీరే. "వచ్చింది వచ్చినట్టు" అన్న మాట ఎవరినీ కాపాడదు. మీ గ్రూపులోని వాళ్ళు దాన్ని నమ్మింది మీ ముఖం చూసి. ఇక బొమ్మలనూ గొంతులనూ యంత్రంతో తయారుచేసే కాలం వచ్చింది కాబట్టి "వీడియోలో కళ్ళారా చూశాను" అన్న సాకుకు కూడా ఇదివరకటి బలం లేదు.

2018లో సమాచార సాధనాల దినోత్సవ సందేశంలో పోప్ ఫ్రాన్సిస్ గారు తప్పుడు వార్తల మూలాన్ని ఆదికాండం మూడో అధ్యాయంలో చూపించారు. సర్పం అక్కడ పూర్తి అబద్ధంతో మొదలుపెట్టదు. దేవుడు అన్న మాటనే తీసుకుని కాస్త వంచి అడుగుతుంది. ఒక్క చెట్టు గురించి చెప్పిన ఆజ్ఞను "ఏ చెట్టు పండునూ తినవద్దన్నాడా?" అని మార్చేస్తుంది. కత్తిరించిన స్క్రీన్‌షాట్ పద్ధతి అదే.

వినేవాళ్ళ సంగతి. నవ్వు బొమ్మ పెట్టేవాళ్ళు, "అవునా? ఇంకేమిటి?" అని అడిగేవాళ్ళు కూడా పాపంలో భాగస్థులే. అడిగి చెప్పించుకున్నవాడి పాపం చెప్పినవాడి పాపానికి తీసిపోదు. ఇష్టం లేకున్నా భయంతోనో మొహమాటంతోనో ఊరుకున్నవాడిది అంతకంటే తక్కువ, సాధారణంగా స్వల్ప పాపం అంటాడు అక్వినాస్. అయితే మీకు అధికారం ఉన్న చోట, అంటే ఆ గ్రూపు నడిపేది మీరే అయితే, ఊరుకోవడం బరువు పెరుగుతుంది. బైబిల్లోని సీరా జ్ఞానగ్రంథం 19వ అధ్యాయం పదో వచనం ఇలాంటి చోటికే: ఏదైనా విన్నావా, అది నీతోనే చావనీ, భయపడకు, దానివల్ల నీ పొట్టేమీ పగలదు.

ఇంతవరకు చెప్పినదాన్ని తలకిందులుగా పట్టుకునేవాళ్ళు ఉంటారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. "పరువు తీయకూడదు" అన్న మాటను అడ్డం పెట్టి దుర్మార్గాన్ని దాచడం ఈ ఆజ్ఞకు విధేయత కాదు. తగిన కారణం ఉంటే దాగిన తప్పును చెప్పవచ్చు, కొన్నిసార్లు చెప్పి తీరాలి. అమాయకుడికి జరగబోయే కీడు ఆపడానికి, చక్కదిద్దగల అధికారికి తెలియజేయడానికి, దెబ్బతిన్న మనిషి సలహా కోసమో ఓదార్పు కోసమో నమ్మకస్థుడికి చెప్పుకోవడానికి. హద్దు ఒక్కటే: అవసరమైనవాళ్ళకు, అవసరమైనంత. పిల్లల మీద లైంగిక అత్యాచారం విషయంలో ఎవరికీ సందేహం అక్కర్లేదు. 2019 మే 7న పోప్ ఫ్రాన్సిస్ గారు ఇచ్చిన చట్టం ప్రకారం గురువులు, మఠవాసులు అలాంటి ఫిర్యాదును ఆలస్యం లేకుండా శ్రీసభ అధికారులకు తెలియజేయాలి. ఫిర్యాదు చేసినవాళ్ళ మీద మౌనంగా ఉండమనే షరతు పెట్టకూడదని కూడా అందులోనే ఉంది. దేశ చట్టం ప్రకారం పోలీసులకు చెప్పే బాధ్యతను అది తీసివేయదు. పాపసంకీర్తన రహస్యం శ్రీసభ పెట్టిన ఈ బాధ్యతకు బయట ఉంటుంది. బాధితులతో "శ్రీసభ పరువు పోతుంది, ఊరుకోండి" అని ఎవరైనా అంటే, వాళ్ళు ఎనిమిదవ ఆజ్ఞను కాపాడుతున్నవాళ్ళు కారు.

ఇక మనవాళ్ళకే ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. విశ్వాసాన్ని కాపాడుతున్నామనే పేరుతో పీఠాధిపతులనూ (బిషప్పులనూ) గురువులనూ తోటి విశ్వాసులనూ అంతర్జాలంలో ఉతికి ఆరేయడం. ఆచారబద్ధంగా ఉండే కుటుంబాల్లో, రోజూ జపమాల చెప్పే ఇళ్ళలో ఇది ఎక్కువ కనిపిస్తుందని చెప్పడానికి నాకు సంకోచం లేదు. వ్యభిచారాన్ని నిషేధించే ఆరవ ఆజ్ఞ విషయంలో కంటికి కాపలా పెట్టుకునే మనిషి, వేలికి మాత్రం సెలవిచ్చేస్తాడు. శ్రీసభ చట్టం 212వ నియమం విశ్వాసులకు తమ అభిప్రాయాన్ని కాపరులకు చెప్పే హక్కునూ, ఒక్కోసారి బాధ్యతనూ ఇస్తుంది. దాన్ని చూపించి కొందరు "ఇది నా హక్కు" అంటారు. ఆ నియమం చివరిదాకా చదవండి: విశ్వాసానికీ నీతికీ భంగం రాకుండా, కాపరుల పట్ల గౌరవంతో, అందరి మేలునూ ఆలోచించి, మనుషుల గౌరవానికి లోటు రాకుండా. బహిరంగంగా చేసిన బోధను బహిరంగంగా తర్కించవచ్చు, అందులో తప్పు లేదు. ఆ బోధ చేసినవాడి మనసులో ఏముందో, ఎవరికి అమ్ముడుపోయాడో మీకు తెలియదు. తెలియనిది రాయడం తర్కం కాదు.

దీనికి యేసుసభ స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ లొయోలా గారి మందు బాగా పనిచేస్తుంది. తన 'ఆధ్యాత్మిక సాధనలు' పుస్తకం మొదట్లోనే, 22వ పేరాలో, మూడు మెట్లు పెట్టాడు. ఎదుటివాడి మాటను తప్పుపట్టడానికి కాక, మంచి అర్థంలో తీసుకోవడానికి ముందుగా సిద్ధపడు. అలా తీసుకోలేకపోతే, "మీ ఉద్దేశం ఏమిటి?" అని అతణ్ణే అడుగు. అప్పటికీ తప్పే అని తేలితే ప్రేమతో దిద్దు. మనం మొదటి రెండు మెట్లూ దాటేసి, మూడో దాంట్లో ప్రేమ తీసేసి, మొదలుపెడతాం. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు పెట్టిన వరుస కూడా ఇదే: మొదట ఒంటరిగా కలిసి చెప్పు, తరవాత ఒకరిద్దరు సాక్షులతో, ఆ తరవాతే సంఘానికి.

ఇప్పుడు ఆత్మశోధన. కళ్ళు మూసుకుని జ్ఞాపకం మీద ఆధారపడితే ఈ ఆజ్ఞ విషయంలో ఏమీ దొరకదు. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు పెట్టుకోండి. మొదట దేవునికి కృతజ్ఞతలు చెప్పి, నా పాపాన్ని నాకు చూపించమని అడగండి. తరవాత ఫోను తెరిచి, వచ్చినవి కాదు, మీరు ఆ రోజు పంపినవి మాత్రమే పై నుంచి కిందికి చూడండి. మనుషుల పేర్లు ఉన్న ప్రతి సందేశం దగ్గరా ఆగి మూడు ప్రశ్నలు: ఇది నిజమని నాకు ఎలా తెలుసు? అవతలివాళ్ళకు ఇది తెలియాల్సిన అవసరం ఏమిటి? ఆ మనిషి పక్కనే ఉంటే పంపేవాణ్ణా? మూడో ప్రశ్నకు మనసు ముడుచుకుంటే అక్కడ ఏదో ఉన్నట్టే. చూసి, ఫోను పక్కన పెట్టేసి, క్షమాపణ అడిగి, రేపటికి ఒక్క తీర్మానం చేసుకోండి. ఫోను చేతిలోనే ఉంచుకుని ప్రార్థన ముగించబోతే ఏమవుతుందో మీకే తెలుసు. కొత్త సందేశం వస్తుంది, ఆత్మశోధన అక్కడితో సరి.

అలవాటుగా మారినవాళ్ళకు ఇగ్నేషియస్ గారి ప్రత్యేక శోధన ఉంది. ఒక్క లోపాన్నే పట్టుకోవాలి. పొద్దున లేవగానే తీర్మానం; మధ్యాహ్న భోజనం తరవాత ఒక లెక్క; రాత్రి భోజనం తరవాత ఇంకో లెక్క. కాగితం మీద రోజుకు రెండు గీతలు, ఆ లోపంలో ఎన్నిసార్లు పడితే అన్ని చుక్కలు. పడిన వెంటనే ఎవరికీ కనబడకుండా గుండె మీద చేయి వేసుకుని నొచ్చుకోవడం. మధ్యాహ్నంకంటే రాత్రి తగ్గాయా, నిన్నటికంటే ఇవాళ, పోయిన వారంకంటే ఈ వారం. ఇది కాగితం మీదే చేయండి, ఫోనులో వద్దు.

పాపసంకీర్తనంలో ఎలా చెప్పాలి? "చాడీలు చెప్పాను ఫాదర్" అంటే చాలదు, అది స్వల్ప పాపమో చావైన (గంభీరమైన) పాపమో గురువుకు తెలియదు. విషయం గంభీరమై ఉండడం, అది తెలిసి ఉండడం, ఇష్టపూర్వకంగా చేయడం, ఈ మూడూ కలిస్తేనే చావైన పాపం. కాబట్టి ఇలా చెప్పండి: "ఒక మనిషి చేసిన, ఎవరికీ తెలియని పెద్ద తప్పును, కోపంతో, సుమారు యాభై మంది ఉన్న గ్రూపులో ఒకసారి పెట్టాను. దానివల్ల అతని ఉద్యోగానికి ఇబ్బంది వచ్చింది. ఇంకా సరిదిద్దలేదు." రకం, సంఖ్య, తీవ్రత, నష్టం అన్నీ మూడు వాక్యాల్లో వచ్చేశాయి. సంఖ్య సరిగా గుర్తు లేకపోతే "వారానికి రెండు మూడుసార్లు, ఏడాదిగా" అంటే సరిపోతుంది. ఆ మనిషి పేరు చెప్పకండి. ఆయన చేసిన తప్పు కథంతా వివరించకండి. చాలామంది తమ పాపం ఒప్పుకోవడానికి వచ్చి ఎదుటివాడి పాపాన్ని ఒప్పుకుని వెళ్తారు, అంటే పరువు తీసిన పాపాన్ని చెబుతూ మళ్ళీ పరువు తీసినట్టు. పాపాల పట్టీ ఫోనులో రాసుకున్నవాళ్ళు బయటికి రాగానే చెరిపేయండి. ఫోనులో పాపసంకీర్తనం మాత్రం లేదు. సమాచార సాధనాల పొంతిఫికల్ సమితి 2002లోనే చెప్పింది, అంతర్జాలంలో దివ్యసంస్కారాలు లేవని.

అసలు కష్టం ఆ తరవాత మొదలవుతుంది. బాకీ తీర్చడం. అక్వినాస్ దీన్ని మూడుగా విభజించాడు. న్యాయంగా, నిజంగా, చెప్పాల్సిన చోట చెబితే బాకీ లేదు. అబద్ధం చెప్పి ఉంటే, అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. నిజాన్నే అన్యాయంగా బయటపెట్టి ఉంటే, అబద్ధమాడకుండా చేయగలిగినంత చేయాలి.

అబద్ధం అయితే పద్ధతి ఇది. ఎక్కడ పెట్టారో అక్కడే, ఎంతమంది చూశారో అంతమందికీ. రెండొందల మంది ముందు తీసిన పరువుకు ఒక్కరికి రహస్యంగా చెప్పే క్షమాపణ సరిపోదు. "ఫలానా రోజు ఫలానా వ్యక్తి గురించి నేను పంపినది నిజం కాదు. విచారించకుండా పంపడం నా తప్పు. మీరు ఎవరికైనా పంపి ఉంటే ఈ మాట కూడా వాళ్ళకు పంపండి." అంతే. "ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించండి" అనకండి. అందులో తప్పు ఎవరిదో లేదు, పంపినది అబద్ధమన్న సంగతీ లేదు. చాలామంది సందేశాన్ని అందరి ఫోన్లలో నుంచి చెరిపేసి పని అయిపోయిందనుకుంటారు. చెరపడం అవసరమే, ఇంకా పాకకుండా ఆపుతుంది. చదివినవాళ్ళ మనసులో పడినదాన్ని మాత్రం చెరపదు. పైగా, చెరిపేశాడంటే నిజమే అయ్యుంటుందని అనుకునేవాళ్ళు కూడా ఉంటారు.

నిజం అయితే పని ఇంకా సున్నితం. "నేను చెప్పింది అబద్ధం" అనకూడదు, అదొక కొత్త అబద్ధం. "ఆ విషయం నేను మాట్లాడి ఉండాల్సింది కాదు, ఆయనకు అన్యాయం చేశాను" అనవచ్చు. ఆ తరవాత అవకాశం దొరికినప్పుడల్లా ఆ మనిషిలో నిజంగా ఉన్న మంచిని అదే మనుషుల ముందు చెప్పాలి. ముఖస్తుతి కాదు, నిజంగా ఉన్నది. అయితే జనం ఆ సంగతి మరిచిపోయి ఉంటే కదిలించవద్దు. మరిచిపోయినదాన్ని తవ్వి తీయడం బాకీ తీర్చడం కాదు, రెండోసారి పరువు తీయడం. అప్పుడు మంచి చెప్పడం ఒక్కటే చేయండి. ఉద్యోగమో వ్యాపారమో పోయి డబ్బు నష్టం వచ్చి ఉంటే, అది మీ మాటవల్లే వచ్చిందని స్పష్టంగా ఉంటే, ఆ నష్టం కూడా మీదే. ఎంత, ఎలా అన్నది గురువు సలహాతో తేల్చుకోండి. అతనికి నేరుగా ఇచ్చే పరిస్థితి లేకపోతే వేరొకరి ద్వారా అందించవచ్చు.

ప్రశ్న: నేను పంపిన సంగతి ఆ మనిషికి తెలియదు. వెళ్ళి చెప్పి క్షమాపణ అడగాలా?

అన్నిసార్లూ అక్కర్లేదు. బాకీ ఉన్నది విన్నవాళ్ళ దగ్గర పోయిన పేరుకు. దాన్ని విన్నవాళ్ళ దగ్గరే సరిచేయాలి. అతనికి తెలియనిదాన్ని మీరే చెప్పి, మీ మనసు తేలిక చేసుకుని, అతనికి నిద్ర లేకుండా చేయడం ప్రేమ కాదు. అతనికి ఇప్పటికే తెలిసి ఉంటే మాత్రం తప్పకుండా వెళ్ళండి. బలిపీఠం దగ్గర కానుక వదిలి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పింది అలాంటి సందర్భానికే.

ప్రశ్న: సరిదిద్దేదాకా పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం తీసుకోకూడదా?

పాపసంకీర్తనం చేసి, సరిదిద్దాలని గట్టి ఉద్దేశం ఉంటే తీసుకోవచ్చు. ఉద్దేశమే లేకపోతే, చేయగలిగి ఉండీ "నేను మాత్రం చెప్పను" అని ముందే నిశ్చయించుకుంటే, అక్కడ పశ్చాత్తాపం లేదు, పాపవిమోచనం చెల్లదు. వాయిదా వేసుకుంటూ పోయేవాళ్ళకు నా సలహా: గురువు దగ్గర ఒక తేదీ చెప్పి రండి.

ప్రశ్న: ఆ మనిషి చనిపోయారు ఫాదర్.

చనిపోయినవాళ్ళకు కూడా మంచిపేరు ఉంటుంది, అది వాళ్ళతో సమాధి కాదు. విన్నవాళ్ళు బతికే ఉన్నారు కదా. ముందు వాళ్ళ దగ్గర సరిదిద్దండి, కుటుంబానికి ఆ మాటవల్ల బాధ కలిగి ఉంటే వాళ్ళను కలవండి. ఆయన ఆత్మశాంతికి పూజ పెట్టించడం మంచిదే, తప్పక చేయండి. అది వీటికి అదనం, బదులు కాదు. ఇంకొక మాట, మీలో సందేహపీడతో, అంటే ఒప్పుకున్న పాపం కూడా పోలేదేమో అనే భయంతో, బాధపడేవాళ్ళ కోసం. ఒకసారి ఒప్పుకుని, చేయగలిగినంత సరిదిద్దాక, పంపిన ప్రతి సందేశాన్నీ ఏళ్ళ వెనక్కి వెళ్ళి తవ్వకండి. ఒకే గురువు దగ్గరికి వెళ్ళండి, ఆయన "చాలు" అంటే ఆపేయండి. ఎడమవైపు రెండు పాపసంకీర్తన గదుల్లోనూ ఇప్పుడు గురువులు కూర్చుంటున్నారు, తొమ్మిదింటి వరకు ఉంటారు. వరుసలో నిలబడేవాళ్ళు ఫోన్లు ఆపేసి రండి.